చూడని సినిమా మీద తీర్పు

సినిమా చూడకుండానే దాని మీద అభిప్రాయం చెప్పేవాళ్ళు లోకంలో కోకొల్లలు. వాళ్ళకేమీ కాదు. హాయిగా తింటారు, పడుకుంటారు, మర్నాడు ఇంకో సినిమాని చీల్చి చెండాడతారు. మన జడ్జి తన జీవితం మొత్తం మీద అలాంటి పని ఓ ఆర్నెల్లు చేశాడు. దాని ఫలితం మాత్రం అతని చెల్లెలి నెత్తిన పడింది.

జడ్జి అంటే కోర్టులో కూర్చునే మనిషి కాదు, లిఫ్టు మెకానిక్. నలభై రెండేళ్ళుంటాయి. భుజాన పనిముట్ల సంచి, ఎంత రుద్దినా వదలని గ్రీజు గోళ్ళు. సెలవు రోజున కూడా ఆ సంచి లేకుండా గడప దాటడు, ఎక్కడ ఏ లిఫ్టు మొరాయిస్తుందో చెప్పలేం కాబట్టి. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నారని ఫోనొస్తే, వెళ్ళగానే అతను సంచి తెరవడు. ముందు తలుపు సందుకి నోరు ఆనించి, "వచ్చాను. ఇక్కడే ఉన్నాను" అంటాడు. లోపల చిక్కుకున్నవాళ్ళకి గాలి ఆడదన్న భయం కన్నా ఎవరూ రారేమోనన్న భయమే ఎక్కువని ఇరవయ్యేళ్ళ పనిలో అతనికి తెలిసిన సంగతి. ఆ మాట చెప్పాకే మెయిన్ స్విచ్ ఆపడం, పైకెక్కి మోటారు చక్రం చేత్తో తిప్పడం, తలుపు తీయడం.

ఇక జడ్జి అన్న పేరు లిఫ్టు కంపెనీ షెడ్డులో పనివాళ్ళు పెట్టింది. సోమవారం పొద్దున్నే పనిముట్లు తీసుకుంటూ, "జడ్జిగారూ, ఎలా ఉందంటారు కొత్త సినిమా?" అని అడుగుతారు. అతను పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "మొదటి సగం పర్వాలేదు. రెండో సగంలో దర్శకుడు నిద్రపోయాడు, మనల్నీ పొమ్మన్నాడు" అంటాడు. అంతే, దానికి అప్పీలు లేదు. ఆ ఒక్క మాట మీద టిక్కెట్లు కొనుక్కోకుండా ఆగిపోయిన కుటుంబాలున్నాయి.

ఈ తీర్పుల పిచ్చి అతనికి చెల్లెలి వల్ల పట్టుకుంది. అమ్మానాన్నా ఏడాది తేడాలో పోయేటప్పటికి అతనికి ఇరవై ఒకటి, చెల్లెలు అమ్మలుకి ఎనిమిది. ఏడుస్తున్న పిల్లని ఎలా ఊరుకోబెట్టాలో తెలియక సినిమాకి తీసుకెళ్ళాడు. ఊరుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం తీసుకెళ్ళాడు. హాలు నుంచి ఇంటికి నడిచొచ్చే అరగంటా సినిమా కబుర్లే. దానికి రెండు నియమాలు. ముందు అమ్మలు చెప్పాలి, ఎందుకంటే అన్నయ్య ముందు చెబితే అది అదే వల్లిస్తుంది. రెండోది, ఏ సీను గురించో చెప్పకుండా అభిప్రాయం చెప్పకూడదు.

ఆ పిల్ల దాంట్లోనే ఒక దొంగాట కనిపెట్టింది. వారమంతా డ్యూటీ చేసి ఒళ్ళు హూనమైన అన్నయ్య హాల్లో కునుకు తీసేవాడు. వచ్చేటప్పుడు దారిలో అమాయకంగా మొహం పెట్టి, "అన్నయ్యా, ఆ కుక్కపిల్ల బావిలో పడ్డ సీను ఎలా ఉంది?" అనేది. సినిమాలో కుక్కపిల్లా ఉండదు, బావీ ఉండదు. అతను నిద్రపోకపోతే, "అలాంటి సీను లేదే, దొంగా" అని జడ పట్టుకుని లాగేవాడు. నిద్రపోయుంటే, "బాగానే తీశాడు" అని పప్పులో కాలేసేవాడు. అప్పుడది నవ్వలేక నడిరోడ్డు మీద కూలబడేది. పెద్దయ్యాక కూడా ఆ ఆట మానలేదు.

మూడేళ్ళ కిందట దానికి పెళ్ళి చేశాడు. సంబంధం అతనే చూశాడు. కుర్రాడు మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. జడ్జి రెండంటే రెండుసార్లు కలిశాడు. తాగడు, గొంతెత్తడు, చెప్పిన టైముకి ఠంచనుగా వస్తాడు. రెండో సగం ఎలా ఉంటుందో చూడకుండానే పాస్ మార్కులు వేసేశాడు.

అమ్మలు కాపురం బస్సులో రెండు గంటల దూరం. మొదటి ఏడాది వచ్చేది, వెళ్ళేది. తర్వాత, "ఈ వారం వద్దన్నయ్యా, ఇంట్లో రంగులు వేయిస్తున్నారు" అంది. ఇంకోసారి, "ఆయనకి ఒంట్లో బాగాలేదు" అంది. తన ఫోను పాడైందని, ఆయన ఫోను నుంచి ఆదివారం ఐదింటికి చేస్తానని చెప్పింది. చేసేది. అన్నాచెల్లెళ్ళకి కష్టసుఖాలు మాట్లాడుకోవడం మొదట్నించీ చేతకాదు. చూసిన సినిమాల గురించి మాట్లాడుకునేవాళ్ళు. వెనకాల ఎప్పుడూ ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు వినిపించేది. బావగారు సెలవు రోజున ఇంటిపట్టునే ఉంటాడు, బుద్ధిమంతుడు అనుకునేవాడు జడ్జి.

ఆర్నెల్ల కిందట షెడ్డులో ఇద్దరు మెకానిక్‌లు పని మానేశారు. వాళ్ళ బిల్డింగులు కూడా ఇతని మీద పడ్డాయి. సెలవు దొరికితే మంచం మీద శవంలా పడుండడమే తప్ప సినిమా లేదు, గినిమా లేదు. కానీ ఆదివారం ఐదింటికి ఫోను మోగుతుంది. "చూడలేదు" అంటే మరి ఏం మాట్లాడాలి? అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాడు. స్టోర్స్ గుమస్తాకి ప్రతి కొత్త సినిమా మొదటి ఆటకే చూసే జబ్బుంది. చూసింది చెప్పకపోతే అన్నం సయించదు. జడ్జి అతనికో టీ ఇప్పించి, అరగంట విని, దాన్ని రెండు ముక్కల తీర్పుగా చేసి ఆదివారం చెల్లెలికి అప్పజెప్పేవాడు. ఏ అబద్ధంలోనూ ఇంత ప్రేమ ఉండదని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఒక ఆదివారం అమ్మలు అడిగింది.

"అన్నయ్యా, ఆ పసుపు గొడుగు పోస్టరు సినిమా చూశావా?"

"ఆహా, మొన్ననే చూశాను." గుమస్తా చెప్పింది గుర్తుచేసుకున్నాడు. మొగుడూ పెళ్ళాల కథ, రెండో సగం సాగుతుంది, ఏడుపు ఎక్కువ.

"అందులో ఆయన పనికెళ్తూ రోజూ బయట తాళం వేసుకుని వెళ్తాడు కదా. ఆవిడ పొద్దున్నించి సాయంత్రం దాకా లోపలే. ఫోను కూడా ఉండదు. ఆ సీను నీకెలా అనిపించింది?"

గుమస్తా ఈ సీను చెప్పలేదు. జడ్జి ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ ఇరవయ్యేళ్ళ పేరు, అంత తేలిగ్గా వదులుకుంటాడా?

"ఆ సీనా. కాస్త ఎక్కువ చేశారులే. అతను మరీ కొట్టేవాడేం కాదు కదా."

"కొట్టడు," అంది అమ్మలు.

"మరింకేం. ఆవిడ కొంచెం సర్దుకుపోతే ఇంటర్వెల్‌కే కథ సుఖంగా ముగిసేది."

 అవతల గొంతు సవరించుకున్న చప్పుడు ఒకటి వినిపించింది.

"ఆవిడకి ఓ అన్నయ్య ఉంటాడు కదా," అంది అమ్మలు మెల్లగా. "అతనొచ్చి తీసుకెళ్ళిపోతే బాగుండేదేమో."

"అన్న పాత్ర అసలెందుకు పెట్టారో నాకర్థం కాలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య అతనికేం పని? ఆ పాత్ర ఎత్తేస్తే సినిమా పావుగంట తగ్గేది."

"సరే అన్నయ్యా. నీ మాట ఎప్పుడూ కరెక్టుగానే ఉంటుంది."

ఫోను పెట్టేసి జడ్జి గండం గడిచిందనుకున్నాడు. చూడని సీను మీద ఎంత నమ్మకంగా మాట్లాడానని లోలోపల కొంచెం మురిసిపోయాడు కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఆదివారం ఫోను రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. ఇతనే చేస్తే బావగారు తీసి, "పడుకుంది" అన్నాడు మర్యాదగా. మూడో వారం అమ్మలు మాట్లాడింది. బాగున్నాను అంది, నువ్వెలా ఉన్నావు అంది, ఉంటాను అంది. సినిమా ఊసే లేదు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళిద్దరూ సినిమా లేకుండా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

 నా కోతలు పసిగట్టేసిందన్నమాట అనుకున్నాడు జడ్జి. చూడకుండా చూసినట్టు చెప్పాడని మనసు విరిగిందనుకున్నాడు. అంతకు మించి అతని బుర్రకి తట్టలేదు. ఆ సినిమా చూసేసి, సీను సీనూ గుర్తుపెట్టుకుని, ఈసారి నిజంగా మాట్లాడితే అదే సర్దుకుంటుందని లెక్క వేశాడు. నాలుగో వారంలో సెలవు దొరకగానే సంచి భుజాన వేసుకుని పొద్దుటి ఆటకి వెళ్ళాడు.

హాల్లో ఇరవై మంది కూడా లేరు. జడ్జి కునుకు రాకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. తాళం సీను కోసం ఎదురుచూశాడు. తెర మీద ఆవిడ గొడుగులు బాగుచేసే కొట్టు నడుపుతోంది. మొగుడు ఓడ మీద పనికెళ్ళి ఉత్తరాలు రాస్తుంటాడు. ఇంటర్వెల్ అయింది. తాళం రాలేదు. రెండో సగం నిజంగానే సాగింది. ఆవిడ ఇంటి తలుపు ఎప్పుడు చూసినా బార్లా తెరిచే ఉంది. అన్నయ్య అనేవాడు ఏ మూలా లేడు. దీపాలు వెలిగాయి.

టిక్కెట్లు చించే మనిషిని పట్టుకున్నాడు. "ఏమండీ, ఇందులో ఏమైనా సీన్లు కోసేశారా? మొగుడు పెళ్ళాన్ని ఇంట్లో పెట్టి తాళం వేస్తాడు, ఆ సీను."

అతను ఇతన్ని ఎగాదిగా చూశాడు. "నెల రోజులుగా రోజుకి నాలుగు ఆటలు చూస్తున్నానండీ. అలాంటి సీను లేదే."

అలాంటి సీను లేదే. ఆ మాట తన నోటి నుంచి రావలసిందని జడ్జికి అప్పుడు తెలిసింది. కుక్కపిల్లా, బావీ, నడిరోడ్డు మీద నవ్వుతూ కూలబడ్డ పిల్లా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఆ వెంటే ఫోనులో గొంతు సవరించుకున్న చప్పుడు.   అన్న పాత్ర ఎత్తేయమన్నాడు తను. ఆ మాట తన గొంతుతోనే మళ్ళీ వినిపిస్తుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

బస్సులో రెండు గంటలు. దిగి చెల్లెలి వీధిలోకి తిరిగేసరికి, ఆమె ఉండే మేడకి ఎదురుగోడ మీద పసుపు గొడుగు పోస్టరు సగం చిరిగి వేలాడుతోంది. మెట్లెక్కాడు. తలుపుకి బయట తాళం ఉంది. నెల రోజుల కిందట వచ్చుంటే ఇంట్లో ఎవరూ లేరనుకుని వెనక్కి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు తలుపు సందుకి నోరు ఆనించాడు.

"వచ్చాను. ఇక్కడే ఉన్నాను."

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"అన్నయ్యా?"

"నేనే అమ్మలూ." తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "ఆ రోజు నేనా సినిమా చూడలేదు. చూసినట్టు కోతలు కోశాను. ఇవాళ చూసి తిన్నగా వస్తున్నాను. అందులో తాళం లేదు."

"నేను అసలే చూడలేదన్నయ్యా. కిటికీలోంచి పోస్టరు కనిపిస్తుంది, అంతే."

"నాతో ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ఫోను మాట్లాడినంతసేపూ ఆయన పక్కనే కూర్చుంటారు. వేరే మాట వస్తే లాక్కుంటారు. సినిమా కబుర్లయితే పట్టించుకోరు. అలాంటి సీను లేదే అంటావని ఎదురుచూశాను. నువ్వనలేదు. అర్థమయ్యే సర్దుకోమన్నావనుకున్నాను." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండుననిపించింది అతనికి. "నువ్వే అన్నావంటే నిజమే అయ్యుంటుందని, ఈ నాలుగు వారాలూ నువ్వు చెప్పినట్టే ఉన్నాను."

జడ్జి చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. ఏడవడానికి అది సమయం కాదని తనని తనే కసురుకుని, తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని సంచి తెరిచాడు. తాళం కొత్తది, గట్టిది. గొళ్ళేన్ని తలుపుకి పట్టి ఉంచినవి మాత్రం నాలుగు స్క్రూలే. మొదటిదాని మీద స్క్రూడ్రైవరు ఆనించాడు. అది జారింది. మళ్ళీ ఆనించాడు.

"ఆయన ఐదింటికి వచ్చేస్తారు," అంది లోపలినుంచి.

"రానీ. కట్టుకునే బట్టలు రెండు జతలు సంచిలో పెట్టుకో."

"ఎప్పుడో పెట్టుకున్నాను. ఆ ఆదివారమే."

అతను తల వంచుకుని మొదటి స్క్రూ తీశాడు. రెండోది తుప్పు పట్టి కదలడం లేదు. పళ్ళ బిగువున తిప్పుతూ ఉండిపోయాడు. కాసేపటికి లోపలినుంచి తలుపు మీద చిన్నగా తట్టింది.

"అన్నయ్యా, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. నీ మాట ఆగితే వెళ్ళిపోయావేమోనని భయమేస్తోంది."

 అన్నాచెల్లెళ్ళకి వచ్చిన భాష ఒక్కటే. రెండో స్క్రూ తిప్పుతూనే, పొద్దున నిజంగా చూసిన ఆ సినిమాని మొదటి సీను నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. గొడుగుల కొట్టు, వాన, తెరిచి ఉన్న తలుపు, అన్నీ వరసగా చెప్పుకుపోయాడు. సినిమా ఎలా ఉందో మాత్రం చెప్పలేదు.