తెనాలి పిన్ని ట్రంకుపెట్టెలో మా కంప్యూటర్ పాటలు

మా చిన్నప్పుడు... బాపట్లలో మా ఇంట్లో అందరికంటే మంచి బట్టలు కంప్యూటరుకి ఉండేవి.

నిజమే చెబుతున్నా. లోపల దూది పెట్టి, అంచులకి కుచ్చులు వేసి అమ్మే కుట్టింది. తెరకొకటి, కీబోర్డుకొకటి, కింద ఉండే పెద్ద పెట్టెకొకటి. సముద్రపు గాలికి మా గేటు, నాన్న సైకిలు, ఆఖరికి కిటికీ ఊచలు కూడా తుప్పు పట్టేవి. "ఉప్పుగాలి ఇనుముని బతకనిస్తుందా?" అనేది అమ్మ. అందుకని పెట్టె ముసుగు మాత్రం అది పని చేస్తున్నప్పుడు కూడా తీయనిచ్చేది కాదు. బటను నొక్కడానికి, ఫ్లాపీ పెట్టడానికి ముందువైపు చిన్న కిటికీలా వదిలింది... అంతే.

ఆ కంప్యూటరు అక్కది. తెనాలిలో డీటీపీ, అంటే కంప్యూటర్లో పుస్తకాలు టైపు చేసి అచ్చుకి తయారుచేసే పని నేర్చుకుని, నాన్న వెంటపడి మరీ కొనిపించుకుంది. నాన్నకేమో అది పని లేనివాళ్ల వ్యవహారం.

ఆ ఏడాది మా చర్చి అయ్యగారు క్రిస్మస్ పాటల పుస్తకం అక్క చేతిలో పెట్టారు. "టైపు చేసివ్వమ్మా, అచ్చు సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. అక్క మొహం చూడాలి ఆ రోజు... దానికి దొరికిన మొదటి పని అది.

నాన్న మాత్రం, "ఇది పూర్తి చేస్తే కంప్యూటరు ఇంట్లో ఉంటుంది. లేదంటే అమ్మేస్తానే అమ్మాయ్" అన్నాడు. నాన్న ఒకసారి అన్నాడంటే ఇక అంతే.

అక్క రోజూ టైపు చేసిన పాటల్ని ఫ్లాపీలోకి ఎక్కించి బీరువాలో దాచేది. గుర్తుందా, చదరంగా ఉండే ఆ నల్ల ప్లాస్టిక్ బిళ్ల?

"అదెందుకే?" అని అడిగింది అమ్మ.

"పెట్టెకి ఏమైనా అయితే ఇందులో ఉంటాయమ్మా."

"మరి ఇంటికే ఏమైనా అయితే?"

అక్క నవ్వేసింది. అమ్మ నవ్వలేదు. తుఫాను హెచ్చరిక వినబడితే చాలు, మా స్థలం కాగితాలు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెనాలిలో పిన్ని ఇంటికి పంపేసే మనిషి ఆవిడ. "ఇంకోటి చేసివ్వు" అంది. అప్పట్నుంచి మావాళ్లెవరు తెనాలి వెళ్తున్నా వాళ్ల చేతిలో ఒక ఫ్లాపీ...

నవంబరు ముసురులో కంప్యూటరుకి కొత్త జబ్బు పట్టుకుంది. కాసేపు పని చేయడం, టప్పున ఆగిపోవడం.

"వైరస్సే. ఎవరిదో ఫ్లాపీ పెట్టి ఉంటావు" అన్నాడు నాన్న.

"బయటి ఫ్లాపీ ఏదీ స్కాన్ చేయకుండా తెరవను నాన్నా" అంది అక్క.

ఒక మధ్యాహ్నం అక్క మోకాలు పెట్టెకి తగిలింది. ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. ప్లగ్గు పీకి, ముసుగు లాగేసి చూస్తే... వెనకాల గాలి తిప్పే ఫ్యాను నిండా ముసుగులోంచి ఊడొచ్చిన దూది. ఉప్పుగాలికి భయపడి మేం దానికి అసలు గాలే ఆడకుండా చేశాం.

అక్క మెత్తటి బ్రష్షుతో దూదంతా తీసింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. మళ్లీ ఆన్ చేస్తే లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఏమీ లేదు.

అమ్మ ఆ ముసుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. "నేనే పాడు చేశానా దాన్ని?" అంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది.

మర్నాడు అందరం పెట్టెతో సహా తెనాలి రైలెక్కాం. షాపతను విప్పి చూసి, డిస్కు పోయిందన్నాడు, అందులోని పాటలు ఇక రావన్నాడు. బీరువాలోని ఫ్లాపీ పెడితే అదీ తెరుచుకోలేదు. ముసురుకి బూజు పట్టేసిందట. నాన్న గొంతు సవరించుకుని, "ఇలాగే ఇచ్చేస్తే ఎంతకి తీసుకుంటారండి?" అని అడిగాడు. అక్క తల వంచుకుంది.

"ఏవండీ... ముందు మా చెల్లెలింటికి వెళ్లొద్దాం" అంది అమ్మ.

పిన్ని ట్రంకుపెట్టె తెరిచింది. మా స్థలం కాగితాల పక్కనే, పాత చేతిరుమాల్లో, మూత గట్టి డబ్బాలో భద్రంగా ఉన్నాయి మా ఫ్లాపీలు.

షాపులో తెర మీద పాటలు ఒక్కొక్కటే వచ్చాయి. చివర్లో టైపు చేసిన కొన్ని తప్ప అన్నీ ఉన్నాయి. నాన్న వంగి ఒక పాట మొత్తం చదివాడు, కూనిరాగం కూడా తీశాడు. తర్వాత అక్క వైపు చూడకుండానే షాపతనితో, "కొత్త డిస్కు వేసెయ్యండి" అన్నాడు.

ఆ క్రిస్మస్‌కి చర్చిలో అందరి చేతుల్లో అక్క పుస్తకమే. అమ్మ దూది లేకుండా పల్చటి గుడ్డతో కొత్త ముసుగు కుట్టింది... "అది పడుకున్నప్పుడు కప్పాలి, లేచినప్పుడు తీయాలి" అని అక్క పెట్టిన షరతు మీద.

అక్కకి ఇప్పుడు రేపల్లెలో సొంత ప్రెస్సు ఉంది. అమ్మ కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటోంది. మొన్న ఎవడో ఫోన్ చేసి, మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, నేను చెప్పిన బటన్లు నొక్కండి అన్నాడట. "మా ఇంట్లోవాళ్లకే తెలియని సంగతి నీకెలా తెలిసింది బాబూ?" అని పెట్టేసింది. పాస్‌వర్డు నాక్కూడా చెప్పదు.

ఇప్పుడు ఫోటోలూ పాటలూ వాటంతటవే ఇంటర్నెట్లో ఎక్కడికో వెళ్లి దాక్కుంటున్నాయి. హాయిగానే ఉంది, కాదనను. "అవి ఎవరింట్లో ఉన్నాయే?" అని అమ్మ మాత్రం అడుగుతూనే ఉంటుంది. అందుకే ఈ మధ్య ఇంకో కాపీ చిన్న పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చాను. అమ్మ దాన్ని చేతిరుమాల్లో చుట్టి, "తెనాలి ఎప్పుడు వెళ్తున్నావు?" అని అడిగింది.

పిన్ని ట్రంకుపెట్టె ఇంకా అక్కడే ఉంది... మరి మీ ఇంటి విలువైనవి దాచిపెట్టిన పిన్ని ఎవరండీ?