గుడ్ల మిషన్‌లో మూడు పల్లాలు

మా పెరట్లో కోళ్ళు తిరగడం మా బావగారికి పడదు. బావగారంటే నా మొగుని అన్న. వేలూరు దగ్గర గుడియాత్తంలో మాది ఒకే ఇల్లు, మధ్యలో గోడ లేపి రెండు చేసినారు. ముందరి భాగం వాళ్ళది, వెనక భాగం మాది, పెరడు ఇద్దరిదీ. నా నాటుకోళ్ళు ఆయన కనకాంబరం చెట్లను కెలికేస్తాయని, కంపు కొడతాయని పొద్దున లేస్తే ఒకటే సణుగుడు. నాకు వినబడేటట్టే సణుగుతాడు, నా మొగం చూసి ఒక్క మాటా అనడు. ఇట్లాంటి మనుషులంటే నాకు మొదట్నుంచీ అసహ్యం.

పెట్టలు పొదిగేది చాలక వేలూరులో గుడ్లు పొదిగించే మిషన్ కొనుక్కొచ్చినాను. నలభై ఎనిమిది గుడ్లు పడతాయి. ముప్పై ఏడున్నర డిగ్రీల వేడి నిలిస్తే ఇరవై ఒక్క దినాలకు పిల్లలు లేస్తాయి. ఆ వేడిని చూసుకునేదానికీ, తగ్గించి పెంచేదానికీ ఫోన్‌లో ఒక ఆప్ ఉండాది. బ్లూటూత్ కాబట్టి మిషన్ దగ్గరుంటేనే పనిచేస్తాది, వీధిలోకి పోతే తెగిపోతాది. తిరిగొచ్చి కలిపితే మాత్రం, మనం లేనప్పుడు వేడి ఎట్లుండిందో గీత గీసి చూపిస్తాది. మొదటి రెండు విడతలూ బాగా లేచినాయి. దాంతో ఆ గీతను వెనక్కి జరిపి చూసే అలవాటు నాకు పోయింది.

మూడో విడత, పద్దెనిమిదో దినం. గుడ్లను వెలుతురుకు పెట్టి చూస్తే సగానికి పైగా లోపల కదలిక లేదు. అప్పుడు ఆప్ తెరిచి గీతను వెనక్కి జరిపినాను. మూడు చోట్ల పల్లం. మంగళవారం, శుక్రవారం, మళ్ళీ మంగళవారం. నేను కోడిపిల్లల్ని అమ్మేదానికి వేలూరు పోయిన దినాలు. బస్సెక్కినాక వేడి కిందికి దిగింది, సాయంత్రం ఇంటికి చేరే లోపల మళ్ళీ పైకి లేచింది. కరెంటు పోయిన గుర్తు లేదు. ఎవురో ఆప్‌లోనే తగ్గించి, మళ్ళీ పెంచినారు.

నేరుగా ముందరింటికి పోయినాను. నా తోడికోడలు బియ్యం చెరుగుతా ఉండాది.

“అక్కా, ఫోన్‌లో వేడి తగ్గించి నా గుడ్లు చెడగొట్టినారే, మీకెందుకంత కసి?”

“ఎవురి గుడ్లు? నాకు ఫోన్‌లో పాట పెట్టుకునేదే చాతకాదు.”

“అయితే నీ మొగుడు చేసుంటాడు.”

“నోరు జాగ్రత్త!” అని చేట పక్కన పడేసి లేచింది. నేనూ తగ్గలేదు. ఆమె పుట్టింటోళ్ళ దాకా పోయినాను. వీధంతా తలుపుల్లో నిలబడి విన్నారు.

మరుసటి దినం వేలూరులో మిషన్ అమ్మిన అంగడికి పోయినాను. రిపేరు చేసే ఆయన తమిళం, తెలుగు కలిపి మాట్లాడతాడు. నా ఫోన్ తీసుకొని ఆప్‌లో ఏదో లోపలికి పోయినాడు.

“మిషన్ దగ్గర లేకపోయినా, దానికి కలిపిన ఫోన్ల పేర్లన్నీ ఇక్కడ నిలిచుంటాయమ్మా. రెండుండాయి. ఒకటి మీది.”

రెండోది ఇంగ్లీషు అక్షరాల్లో ‘అప్పా’ అని ఉండాది. మా ఫోన్లకు పేర్లు పెట్టింది నా కూతురు, వాళ్ళ నాయన్ను అది తమిళంలో అట్లే పిలుస్తాది.

“ఎవురమ్మా, ఇంట్లోవాళ్ళేనా?” అన్నాడు.

“తెలిసినోళ్ళే,” అన్నాను.

ఇంటికొచ్చేసరికి నా మొగుడు అన్నం తింటా ఉండాడు. చెప్పులు కూడా విడవలేదు నేను. ఫోన్ ఆయన కంచం పక్కన పెట్టినాను.

“ఏమయ్యా, ఇదేంది?”

చూసినాడు. ఫోన్‌ను ఎడమచేత్తో పక్కకు జరిపినాడు.

“అన్న దినామూ చెవి కొరికేస్తా ఉండాడు. ఒక విడత చెడిపోతే నీకే విసుగొచ్చి వదిలేస్తావనుకుంటి.”

“మీ అన్న చెయ్యమన్నాడా?”

“లేదు. ఆయనకు తెలీదు.”

“కోళ్ళు వద్దని నాతో చెప్పుండొచ్చు కదా?”

“నీతో ఎవురు వాదించేది?”

అన్నకు భయపడినాడు, నాకూ భయపడినాడు, ఆ భయమంతా పెంకులో ఉన్న పిల్లల మీద చూపించినాడు. కొట్టినా ఇంత రోత పుట్టేది కాదు నాకు. ఇరవై నాలుగేండ్లు ఈ మనిషికి ఉప్పు తక్కువైందా ఎక్కువైందా అని అడుగుతా బతికినాను.

నలభై ఎనిమిదింటిలో తొమ్మిది లేచినాయి. రెండింటికి కాళ్ళు వంకర. వారం తిరక్కుండా ఆ రెండూ పోయినాయి.

మిషన్‌నూ కోళ్ళనూ ఆటోలో వేసి పరదరామిలో మా చిన్నమ్మ ఇంటికి చేర్చినాను. పొద్దునొకసారి బస్సులో పోయి చూసొస్తాను. ఆప్‌కు రహస్య నంబరు పెట్టుకోవచ్చని రిపేరాయన చెప్పినాడు, పెట్టినాను. తోడికోడలికి మాత్రం తప్పైందని చెప్పలేదు. చెప్పాలని తెలుసు. పెరడు ఖాళీ అయిన దినం ఆమె మొగంలో సంతోషం చూసినాను, దాంతో నోరు రాలేదు.

మొన్న నా మొగుడు అన్నం ముందర కూర్చొని అడిగినాడు.

“నీకు జ్వరమొచ్చి పడుకుంటే ఎవురు చూసేది? ఆ నంబరు నాకూ చెప్పు.”

“చిన్నమ్మకు చెప్పుండాను.”

తినకుండా లేచిపోయినాడు. ఆయన కంచంలో అన్నం కోళ్ళకని డబ్బాలో పెట్టుకొని, పరదరామి బస్సుకు పోయినాను.