రానూపోనూ ఎనభై నాలుగు కిలోమీటర్లు

బ్యాటరీ ఎప్పుడు చస్తుందో ముందుగా చెప్పడం అతని ఉద్యోగం.

ఊరి చివర, కిటికీలు లేని పొడవాటి గది. గోడల వెంబడి బీరువాల్లాంటి ఇనుప పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో రకం చలీ వేడీ. వాటిలో వరసగా పడుకోబెట్టిన సెల్లుల్ని యంత్రాలు నింపుతాయి, ఖాళీ చేస్తాయి, మళ్ళీ నింపుతాయి. ఆ అంకెల్ని చూస్తూ కూర్చోవడం అతని పని. కొత్తలో పట్టినదాంట్లో నూటికి ఎనభై వంతులే పడుతోందంటే ఇక ఆ సెల్లు పని అయిపోయినట్టు లెక్క. పదకొండేళ్ళలో అలా కొన్ని వేల చావులు రాసిపెట్టాడు. సెల్లు ఎలా పోతుందో అతనికి తెలిసినంతగా అక్కడ ఇంకెవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి స్కేలు పెట్టి గీసినట్టు నింపాదిగా తగ్గుతూ వస్తుంది. ఉన్నట్టుండి ఒకరోజు ఆ గీత మోకాలు మడుస్తుంది. అక్కణ్ణుంచి వారాల్లో అంతా ముగిసిపోతుంది. మడిచే ముందు ఒకటి రెండు చుక్కలు గీత కిందికి జారతాయి. హెచ్చరిక అంటూ ఉంటే అదొక్కటే. కొత్తగా చేరినవాళ్ళకి అతను మొట్టమొదట నేర్పేది కూడా అదే, జారిన చుక్కని పొరపాటు కొలత అనుకుని కొట్టెయ్యకూడదని.

ఇంత తెలిసిన మనిషికి కారు కొనడం మాత్రం చేతకాలేదు.

బావమరిది అతనికి వెయిటింగ్ లిస్టు అని పేరు పెట్టాడు. ఇంటికొస్తే గుమ్మంలో నిలబడి, "అక్కా, వెయిటింగ్ లిస్టు కన్ఫర్మ్ అయిందా?" అని అడిగేవాడు. అడగడంలో తప్పేమీ లేదు. పెళ్ళైన కొత్తలో కొందామనుకున్నప్పుడు, వచ్చే ఏడాది బ్యాటరీలు ఇంకా చవకవుతాయని ఆగాడు. చవకయ్యాయి. అయ్యాక, ఛార్జింగ్ పెట్టే ప్లగ్గు మారబోతోందని ఆగాడు. అదీ మారింది. ఆ పైన, పది నిమిషాల్లో నిండే రకం వస్తోందని చదివి ఆగాడు. అతను చెప్పినవన్నీ జరిగాయి, అదే చిక్కు. ఒక్కసారైనా అతని మాట తప్పి ఉంటే భార్య గట్టిగా పోట్లాడేది.

మధ్యలో ఒక పాత కారు మాత్రం ఇంటికొచ్చింది. ఎవరో వాడి వదిలేసిన బుల్లి ఎలక్ట్రిక్ కారు. అసలు కారు వచ్చేదాకా సర్దుకుందామని తెచ్చాడు. అది తెచ్చిన రోజు నూట నలభై కిలోమీటర్లు వెళ్ళేది. రెండేళ్ళ తరవాత నూట పన్నెండు వెళ్తోంది.

భార్యకి కావలసింది ఎనభై నాలుగు.

ఆమె కెమిస్టు. కాలేజీలో ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఆమెకే మార్కులెక్కువ. ఊరికి నలభై రెండు కిలోమీటర్ల దూరంలో, కొండమీద, పెద్ద డెయిరీ ఉంది. చుట్టుపక్కల కేంద్రాల నుంచి పాల ట్యాంకర్లు ఉదయం ఆరింటికి గేటు దగ్గరికొస్తాయి. కెమిస్టు దిగి నమూనా తీసి, పరీక్ష చేసి, సంతకం పెడితేనే ట్యాంకరు గొట్టం విప్పుతారు. ముందు రాత్రి పితికిన పాలవి, ఆగినకొద్దీ పులుస్తాయి. ఆమెకి అక్కడ మూడేళ్ళ కాంట్రాక్టు. మూడేళ్ళూ మచ్చ లేకుండా గడిస్తే పర్మినెంట్ చేస్తామని కాగితం మీదే రాసిచ్చారు. షరతు ఒక్కటే, మొదటి ట్యాంకరు వచ్చేసరికి కెమిస్టు ల్యాబులో ఉండాలి. ఆ వేళకి కొండమీదికి బస్సు లేదు. అమ్మోనియాతో చల్లబరిచే ప్లాంటు పక్కనే ఉందని డెయిరీ ఆవరణలో కారు ఛార్జింగ్ పెట్టనివ్వరు. కాబట్టి ఇంటి దగ్గర నింపిందే వెళ్ళడానికీ రావడానికీ.

రెండేళ్ళు గడిచాయి. ఇంకొక్క ఏడాది.

ఆ ఏడాది మొదట్లోనే కొత్త కారు కొనేద్దామని ఆమె అడిగింది. అడిగిందంటే బతిమాలలేదు, పాపకి జడ వేస్తూ మామూలుగా అంది. అతను తలుపు దగ్గరగా వేసి, ఎవరికీ చెప్పొద్దని ముందే అని, ఒక రహస్యం చెప్పాడు. ల్యాబులో పద్నాలుగో పెట్టెలో ఒక కొత్త సెల్లు ఉందట. రెండువేల సార్లు నింపి ఖాళీ చేసినా చెక్కు చెదరలేదట. పదకొండేళ్ళలో అంత అందమైన గీత చూడలేదట. ఆ సెల్లుతో కారు పద్నాలుగు నెలల్లో వస్తోంది. ఇప్పుడు కొన్నది ఆ రోజుతో పాతసామాను అయిపోతుంది.

"పద్నాలుగు నెలలు ఈ డబ్బా లాగుతుందా?" అని అడిగింది ఆమె.

లాగుతుందని గ్రాఫు కాగితం తీసుకొచ్చి చూపించాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం కారు పూర్తిగా నింపి, ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద తిప్పి, ఎంత దూరం వెళ్ళిందో చుక్క పెట్టేవాడు. చుక్కలన్నీ కలిపితే ఏటవాలుగా దిగే గీత వచ్చింది. ఆ గీత ఎనభై నాలుగుని తాకడానికి ఇంకా పాతిక నెలలుంది.

ఆమె కాగితం కేసి చాలాసేపు చూసింది. "నువ్వు కొలిచేది చదును రోడ్డు మీద. నేను ఎక్కేది కొండ," అంది. ఆ మాటా లెక్కలోకి తీసుకుని పాతికని ఇరవైరెండు చేశాడు.

బావమరిది తన పాత డీజిల్ బండి ఏడాదిపాటు వాడుకోమన్నాడు. ఊరికే పడుంది బావా, అక్కకి కొండకి పనికొస్తుంది అన్నాడు. ఇక్కడ అతనికి ఇంకో భయం అడ్డొచ్చింది. పాప పుట్టినప్పటి నుంచి పొగ అంటే అతనికి పడదు. పాప రెండుసార్లు దగ్గితే చాలు, ఆ రోజు గాలిలో దుమ్ము ఎంతుందో ఫోనులో చూసేవాడు, కిటికీలు మూసేవాడు, సన్నటి మసి ఊపిరితిత్తుల్లో ఎంత లోతుకి పోతుందో భార్యకి చెప్పి ఆమె నిద్ర కూడా పాడుచేసేవాడు. ఆ డీజిల్ బండి తమ వాకిట్లో రోజూ తెల్లవారుజామున స్టార్టవడం, పాప పడుకునే గది కిటికీ దానికి ఎదురుగా ఉండడం తలుచుకుని వద్దన్నాడు.

"మరి మా అక్క తోసుకుంటూ వెళ్తుందా?" అన్నాడు బావమరిది. నవ్వుతూనే అన్నాడు, కానీ కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలకి ల్యాబులో పెద్దాయన, అంటే అతని పై అధికారి, పిలిచి చెప్పాడు. పద్నాలుగో పెట్టెలోని సెల్లు బాగానే ఉంది గానీ, దాన్ని వేలకొద్దీ తయారుచేసే దగ్గర ఏదో తేడా వస్తోందట. కొత్త కారు ఎనిమిది నెలలు వెనక్కి పోయింది. అతను ఇంటికొచ్చి గ్రాఫు తీశాడు. కారు రావడానికి ఇంకా పద్దెనిమిది నెలలు. గీత కూడా సరిగ్గా పద్దెనిమిది నెలలకి తాకుతోంది. వెంట్రుకవాసి కూడా సందు లేదు. అయినా సరిపోతోంది కదా అనుకున్నాడు.

తరవాతి ఆదివారం చుక్క మూడు కిలోమీటర్లు కిందికి జారింది. చలిగా ఉంది, టైర్లలో గాలి చూడలేదు. ఆ చుక్క చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ పై నెల ఎనిమిది కిలోమీటర్లు జారింది. అప్పుడూ చలే. ఎదురుగాలి కూడా ఉందని గుర్తు. దాని చుట్టూ కూడా సున్నా చుట్టి, ఆ రెండూ వదిలేసి మిగతా చుక్కల మీదుగా గీత గీశాడు. గీత మళ్ళీ పద్దెనిమిదో నెల దాకా వెళ్ళింది. ల్యాబులో ఎవరైనా ఆ కాగితం తెచ్చి చూపిస్తే చీవాట్లు పెట్టి ఉండేవాడు. ఇంట్లో, వంటగది బల్ల మీద, పక్కన పాప రంగు పెన్సిళ్ళతో ఏనుగుని గీస్తుండగా, అతనికి ఆ ఆలోచనే రాలేదు. రానివ్వలేదు అనడం న్యాయం.

ఆ వారంలోనే ఒక ఉదయం కొండ దారిలో ఆమె కారులో తాబేలు బొమ్మ వెలిగింది. బ్యాటరీ అలిసిపోయింది, ఇక నెమ్మదిగానే వెళ్తాను అని కారు చెప్పే గుర్తు అది. సైకిల్ తొక్కేవాడు ఆమెని దాటి వెళ్ళాడు. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. గేటు దగ్గర రెండు ట్యాంకర్లున్నాయి. డ్రైవర్లు కిందికి దిగి బీడీలు కాల్చుకుంటూ, మేడమ్ గారు తాబేలు మీద వస్తున్నారని జోకులేసుకున్నారు. తిరుగుదారంతా దిగుడే కాబట్టి కారు ఎలాగో ఇల్లు చేరింది, ఆ సంగతి ఆమె తనే నవ్వుతూ చెప్పింది. చలికి అలా అవుతుంది, ఎండలొస్తే సర్దుకుంటుంది అన్నాడు అతను.

రెండోసారి నలభై నిమిషాలు.

ఆ సాయంత్రం ఆమె నవ్వలేదు. తమ్ముడి బండి తెచ్చుకుంటానంది. పాప గది మార్చేద్దాం, కిటికీ అటు వైపున్న గదిలో పడుకోబెడదాం, ఇంకెన్ని నెలలు, ఏడే కదా అంది. అతను కాదనలేదు, సరేననీ అనలేదు. ఈ ఆదివారం ఇంకోసారి కొలిచి చూసి చెప్తానన్నాడు. "కొలువు," అంది ఆమె.

ఆదివారం రాకముందే, గురువారం, కారు కొండ మలుపులో పూర్తిగా నిలబడిపోయింది. తాబేలు కూడా ఆరిపోయింది. డెయిరీకి ఇంకా ఆరు కిలోమీటర్లు. ఫోనుకి సిగ్నల్ లేదు. ఆమె తెల్లకోటు బ్యాగులో కుక్కుకుని నడిచింది. సగం దూరం వెళ్ళాక కూరగాయల వ్యాను ఒకటి ఎక్కించుకుంది. ఆమె చేరేసరికి ఏడున్నర దాటింది. నాలుగు ట్యాంకర్లు బారులుతీరి ఉన్నాయి. ఆమె చేతులు కడుక్కుని మొదటి నమూనా తీసింది. పరీక్షనాళికలో పాలూ ఆల్కహాలూ సమంగా పోసి కుదిపింది. గాజుకి సన్నటి తరకలు అంటుకున్నాయి, కాస్తే విరిగిపోయే పాలకి గుర్తు అది. రెండో ట్యాంకరూ అంతే. ఆరింటికి బాగున్న పాలే అవి. రెండు ట్యాంకర్ల పాలు పనికిరావని రాసి సంతకం పెట్టవలసింది ఆమే. పెట్టింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మాట్లాడాడట. ఆ మాటల్ని ఆమె ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అమ్మా, పరీక్షలో నీ చెయ్యి లాంటి చెయ్యి నేను చూడలేదు. కానీ పాలు ఎవరి కోసమూ ఆగవు కదమ్మా."

కాంట్రాక్టు ముగిసేదాకా ఉండమన్నారు. పొడిగించరు. పర్మినెంట్ మాట ఇక లేదు.

అతను ఆ రోజు సాయంత్రం వంటగదిలో, సున్నాలు చుట్టిన రెండు చుక్కల్నీ కలుపుకుని గీత మళ్ళీ గీశాడు. మోకాలు స్పష్టంగా కనబడింది. అంత స్పష్టమైన మోకాలు ల్యాబులో కూడా అరుదు. కాగితం మడిచి చెత్తబుట్టలో వేశాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. భార్య ముందు నిలబడి తప్పంతా నాదే అన్నాడు. ఆమె అవునంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

మిగిలిన ఏడు నెలలూ ఆమె తమ్ముడి డీజిల్ బండిలోనే వెళ్ళింది. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. పాప వేరే గదిలో పడుకుంది, ఎప్పటిలాగే అప్పుడప్పుడూ దగ్గింది. ఈ మధ్యలో అతను కార్ల షోరూములన్నీ తిరిగాడు. ఏది దొరికితే అది కొనేస్తానన్నాడు, ఇక్కడే సంతకం పెట్టేస్తానన్నాడు. అమ్మేవాడే జాలిపడి, సార్, ఇంకో నాలుగు నెలలాగితే దీంట్లోనే పెద్ద బ్యాటరీ వస్తోంది అని చెప్పాడు. అతను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి సంతకం పెట్టకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

కాంట్రాక్టు అయిపోయింది. ఆమె వేరేచోట్ల ప్రయత్నించింది. ఎక్కడికెళ్ళినా పాతచోట ఎందుకు మానేశారని అడిగేవాళ్ళు. ఆమెకి అబద్ధం చెప్పడం రాదు. చివరికి రెండు వీధుల అవతల రక్తపరీక్షలు చేసే చోట కుదిరింది. సీసాల మీద పేర్లు రాసి, చీటీలు అంటించే పని. పరీక్షలు మిషనే చేస్తుంది. నడిచి వెళ్ళి, నడిచి వచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమెకి ఫోనొచ్చింది. డెయిరీలో ఆమె స్థానంలో చేరిన కొత్త కెమిస్టు. పరీక్షనాళికలో తరకలు కనబడీ కనబడనట్టుంటే పాలు తీసుకోవాలా వద్దా అని అడుగుతోంది. ఆమె మంచం మీంచి లేచి, కిటికీ దగ్గర నిలబడి, ఎడం చేతిని పరీక్షనాళికలా పైకెత్తి, వెలుతురుకి వాల్చి చూపిస్తూ మాట్లాడింది, అవతలివాళ్ళకి కనబడుతున్నట్టు. ఇరవై నిమిషాలు. గొంతులో ఎంత హుషారో. పక్కగదిలో పాపకి షర్టు గుండీలు పెడుతున్న అతని చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు విని చాలా రోజులైంది.

ఫోను పెట్టేశాక ఆమె ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. కొత్త కారు వచ్చే నెల విడుదలవుతోందని, ఒక్కసారి నింపితే ఐదొందల కిలోమీటర్లు వెళ్తుందని, మొదటి రోజే బుక్ చేస్తానని చెప్పాడు. ఈసారి ఆగనన్నాడు.

ఆమె పాప గౌను మడిచి పక్కన పెట్టింది. గొంతు మామూలుగానే ఉంది.

"నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు కొను. తొందరేం లేదు. నేనిప్పుడు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కదా," అంది.

తరవాత ఇంకో గౌను తీసింది. అతను మంచానికి ఆ చివర కూర్చుని, తనకి దగ్గరగా ఉన్న తువ్వాలు మడవడం మొదలుపెట్టాడు. అంచులు కలవలేదు. ఆమె దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, విప్పి, మళ్ళీ మడిచింది.