పక్క మంచం అక్క

ఆ సాయంత్రం కడుపునొప్పితో ఆటో ఎక్కినప్పుడు నా సంచిలో బీమా కార్డు, నీళ్ల సీసా, గ్రంథాలయం పుస్తకం ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా పుస్తకం పెట్టుకోవడం అలవాటు. తోడు ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుందని ఒక్కదాన్నే బయలుదేరాను.

వన్ టౌన్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు రాయడం నా పని. అమ్మా నాన్నా పోయాక గవర్నర్‌పేటలో మేడ మీద రేకుల గది అద్దెకు తీసుకున్నాను. ఎండాకాలం అందులో ఉండడం కష్టం. కానీ గ్రంథాలయం అక్కడికి నడిచిపోయేంత దూరం. పదో తరగతితో చదువు ఆగిన నేను ఆ తర్వాత చదివిందంతా అక్కడి బల్లల మీదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే.

ఆస్పత్రిలో నన్నొక మంచం మీద పడుకోబెట్టి వెళ్లారు. డాక్టరు వస్తారన్నారు, రాలేదు. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒకాయన, ఆయన పక్కన స్టూలు మీద ఆయన భార్య. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చారట. ఆమె నన్ను చాలాసేపు చూసింది.

"నీతో ఎవరొచ్చారమ్మాయ్?"

"ఎవరూ రాలేదండి."

"రాకపోవటమేంటి, ఇట్టా మెలికలు తిరిగిపోతుంటే?"

ఆమె లేచి వెళ్లి, వరండాలో పోతున్న డ్యూటీ డాక్టరుని ఆపి తీసుకొచ్చింది. "మా చెల్లెలండీ. ఏడాది నుంచీ ఈ నొప్పితోనే చస్తోంది. కాస్త ముందు చూడండి బాబూ."

నొప్పి మొదలైంది ఆ పొద్దున్నే. ఆయన అటు వెళ్లగానే అదే మాట ఆమెతో అన్నాను.

"తెలుసులేవే. చిన్నగా చెబితే చిన్న మాత్ర ఇచ్చి పంపిస్తారు. పెద్దగా చెప్పాలి," అంది.

మా వైపు ఆస్పత్రుల్లో అందరూ చేసే పనే అది. ఉన్నంత చెబితే సగమే వింటారని నమ్మకం. మనది కాని నొప్పినైనా మనదన్నట్టు చెప్పి డాక్టరుని కదిలిస్తారు. ఆమె చెప్పినందువల్లే నన్ను ముందు చూశారు. అపెండిసైటిస్ అన్నారు, మర్నాడు ఆపరేషన్ చేశారు. కేస్‌షీటులో తోడు వచ్చినవారి గడిలో "అక్క" అని రాసి ఆమె ఫోన్ నంబరు వేసుకున్నారు. నాకు స్పృహ వచ్చాక ఆమే వార్డుకొచ్చి జడ వేసింది. నేను ఇంటికి వెళ్లేలోపే వాళ్లాయన్ని మరో ఆస్పత్రికి మార్చారు. వాళ్లు వెళ్లేటప్పుడు నేను నిద్రలో ఉన్నానట.

ఆస్పత్రి బిల్లు దుకాణం యజమాని అడ్వాన్సుగా కట్టారు. బీమా సొమ్ము రాగానే తీర్చేస్తానన్నాను. రాలేదు. క్లెయిమ్ తిరస్కరించామని ఫోన్‌కి సందేశం వచ్చింది. జీతంలో కోత మొదలైతే ఆ గది అద్దె కట్టలేను. ఊరి చివరెక్కడో చౌకగా మరో గది చూసుకోవాలి. అక్కడి నుంచి గ్రంథాలయానికి సాయంత్రాలు రావడం కుదరదు. నా రోజులో ఇంకొకటేమైనా ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో.

ఆస్పత్రిలో బీమా పనులు చూసే అమ్మాయిని కలిశాను. కంప్యూటర్ చూసి చెప్పింది. "ప్రతి జబ్బుకీ ఒక కోడ్ ఉంటుంది మేడమ్. మీకు పాత అపెండిసైటిస్ కోడ్ పడింది. పాలసీకి ఇంకా ఏడాది కూడా నిండలేదు కదా, పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బని బీమా కంపెనీవాళ్లు అంటున్నారు."

"పాతదని ఎవరు చెప్పారు?"

"ఏడాదిగా నొప్పి అని కేస్‌షీటులో ఉంది. మీ అక్కగారు చెప్పారంట."

గ్రంథాలయానికి వెళ్లాను. మెడికల్ కోడింగ్ ఉద్యోగాలకు చదివే పిల్లలు వాడే లావుపాటి గైడు ఒకటి అక్కడుంది. పక్కన నిఘంటువు పెట్టుకుని, దుకాణం మూశాక వెళ్లి చదివాను. హఠాత్తుగా వచ్చిన అపెండిసైటిస్‌కి ఒక కోడు, పాతదానికి దాని పక్క కోడు. తీసేసిన ముక్కను పరీక్షించిన రిపోర్టు నా దగ్గరుంది. అందులో హఠాత్తుగా వచ్చిందనే అర్థమిచ్చే మాటే ఉంది. ఆ మాట కనబడ్డప్పుడు ఎవరికైనా చూపించాలనిపించింది. ఎదురుగా ఒక పెద్దాయన పేపరు మీద తల ఆన్చి నిద్రపోతున్నారు.

ఆపరేషన్ చేసిన డాక్టరు గారి ముందు ఇదంతా అప్పజెప్పాను. ఆయన నవ్వారు. "కోడింగ్ కోచింగ్‌కి వెళ్తున్నారా?"

"లైబ్రరీకండి."

"కోసింది నేనే కదమ్మా, అది కొత్తదని నాకూ తెలుసు. డిశ్చార్జ్ సమ్మరీ సరిచేసిస్తా. కానీ కేస్‌షీటు హిస్టరీలో మీ వాళ్లు చెప్పింది తప్పని మీరు రాసివ్వాలి."

బీమా అమ్మాయి బల్ల దగ్గరే కూర్చుని, మా అక్క పొరపాటున చెప్పిందని రాశాను. ఆ అమ్మాయి చదివి వెనక్కిచ్చింది. "ఇట్లా అయితే నమ్మరు మేడమ్. సొంత అక్కకి తెలియదా అంటారు. నిజంగా అక్కేనా?"

"కాదు."

"అదే రాయండి మరి."

కొత్త కాగితం తీసుకున్నాను. ఆమె నాకు ఏ విధమైన బంధువూ కాదు. ఆ రోజుకు ముందు ఆమెను నేను ఎరగను. ఆస్పత్రికి ఒక్కదాన్నే వచ్చాను. నాతో ఎవరూ లేరు. నా గురించి చెప్పగలిగినవారు అక్కడ ఎవరూ లేరు. చివరి వాక్యం అక్కర్లేదు. రాసేశాక కొట్టివేస్తే బాగుండదని వదిలేశాను.

"ఇప్పుడు కరెక్ట్‌గా ఉంది," అంది ఆ అమ్మాయి.

సరిచేసిన సమ్మరీలో కోడు మారింది. తోడు వచ్చినవారి గడిలో "ఎవరూ లేరు" అని పడింది. కాపీలన్నీ జతచేసి మళ్లీ పంపారు. కొన్ని వారాలకు, గ్రంథాలయంలో ఉండగా, డబ్బు పడినట్టు ఫోన్ చిన్నగా మోగింది. గది నిలిచింది. బయట మెట్ల మీదికి వచ్చి, నా దగ్గరున్న పాత కేస్‌షీటు కాపీలోని నంబరుకి ఫోన్ చేశాను.

"ఎవరండీ?"

"ఆస్పత్రిలో మీ పక్క మంచం అండి."

"ఏ ఆస్పత్రమ్మా? మా ఆయన కాలు పట్టుకుని మూడు తిరిగాం."

"కడుపునొప్పి... మీరు డాక్టరు గారికి చెల్లెలని చెప్పారు."

"అట్టా చాలామందికి చెప్పాన్లే," అని నవ్వింది. "ఆగాగు, పుస్తకం దిండు కింద పెట్టుకున్న పిల్లవా?"

"అవునండి."

"తగ్గిందా?"

"తగ్గిందండి."

ఆమె నాకేమీ కాదని రాసిచ్చిన కాగితం సంగతి చెబుదామనే ఫోన్ చేశాను. చెప్పలేదు.

"ఇప్పుడు తోడెవరన్నా ఉన్నారా?"

"ఉన్నారండి," అన్నాను.

"మంచిదమ్మాయ్. ఉంటా, అన్నం పొంగుతోంది."

లోపలికి వెళ్లి, తెరిచిపెట్టిన పేజీ దగ్గర కూర్చున్నాను.