రాములు బాబాయి జేబు చాకు

కంపెనీల పేర్లతో వచ్చే పాత జేబు చాకులు సేకరించడం నా పిచ్చి. అది తెలిసే ఈ రోజు మా వీధిలోని రాములు బాబాయి నన్ను పిలిచి తన చాకు చూపించాడు. ఆయన కూల్‌డ్రింకు కంపెనీ వ్యాను నడిపేవాడు.

"పని మానీసినప్పుడు కంపెనీవోలు ఇచ్చినార్రా. అసలుదే గదా, సూడు" అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. అసలువాటికి బ్లేడు మొదట్లో తయారీ ముద్ర చెక్కి ఉంటుంది. దీనికి లేదు. కంపెనీ పేరు కూడా పైపైన అచ్చుకొట్టిందే. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"అసలుదే బాబాయ్. నా దగ్గర కూడా ఇలాంటిది లేదు" అన్నాను. ఆయన దాన్ని చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

గేటు దాకా సాగనంపడానికి వచ్చిన పిన్ని గొంతు తగ్గించింది.

"అది డూప్లికేటని నాకూ తెల్సురా. కంపెనీవోలు ఏటీ ఇవ్వనేదు. ఉత్త సేతుల్తో ఇంటికి రానేక కోటబొమ్మాలి సంతలో కొనుక్కున్నాడు. మా తమ్ముడు సూసి నాకు సెప్పీసినాడు. నాకు తెల్సని ఆయనకి తెలనీకు."

ఇంటికొచ్చి నా చాకులన్నీ బల్ల మీద పరిచాను. అన్నీ అసలైనవే, ఎందుకో ఇవాళ ఒక్కటీ నచ్చలేదు. మీ ఇంట్లోనూ అలాంటి డూప్లికేటు ఉంటే పట్టుకురండి. అసలుదేనని నేను చెప్తాను.