రెండు సుడుల మావయ్య

మొన్న సింహాచలం కొండమీద మా మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాం. గుండు గీసే ఆయన నడినెత్తి దాటగానే కత్తి ఆపి, "రెండు సుడులున్నాయమ్మా, సూసుకున్నారా?" అన్నాడు. మా వియ్యపురాలి ముఖం వాడిపోయింది. అల్లుడు నవ్వుకుంటూ ఫోటో తీశాడు. నేను చందనం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా చిన్నమావయ్య గుర్తొచ్చాడు.

మా అమ్మవైపు వాళ్ళది సముద్రం ఒడ్డున పేట, వేట కుటుంబం. సుడి అన్న మాటని మా వాళ్ళు వాడినంతగా ఇంకెవరూ వాడి ఉండరు. నీళ్ళలో తిరిగేదీ సుడే, గాలిలో తిరిగేదీ సుడే, నాలుగు చేపలు ఎక్కువ పడినవాడికి తిరిగిందీ సుడే. మా అమ్మమ్మకైతే అది దేవుడి సంతకం. "బొంగరంలాగ నెత్తిమీద ఏలెట్టి ఓ తిప్పు తిప్పి బిడ్డని కిందకి ఒదుల్తాడు, ఆ గురుతే అది" అనేది. శంఖంలో, చెవిలో, బొడ్డులో, వేలికొసల్లో అన్నిచోట్లా ఆవిడకి ఆ తిప్పే కనిపించేది. పడవలో చుట్టగా పెట్టిన తాడుని ఎవరినీ దాటనిచ్చేది కాదు. చివరికి మిఠాయి కొట్టు జిలేబీకి కూడా దణ్ణం పెట్టుకుని తినేది. అది భక్తో ఇష్టమో అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

ఆ అమ్మమ్మకే రెండు సుడుల కొడుకు పుట్టాడు. దేవుడికి నమ్మకం చాలక మళ్ళీ తిప్పి ఉంటాడని ఆవిడ సర్దిచెప్పుకునేది గానీ, పేటలో దానికి ఒకటే అర్థం. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళు. రెండో పెళ్ళి జరగాలంటే మొదటి పెళ్ళాం ఏమవ్వాలో వేరే చెప్పక్కర్లేదు. అలాంటివాడికి మొదటి పెళ్ళాంగా పిల్లనిచ్చేదెవరు? మావయ్య మంచివాడు, పనిమంతుడు, తాగుడు లేదు. ఇవన్నీ చెప్పాక కూడా వచ్చినవాళ్ళు ఆయన నెత్తి వైపే చూసేవారు. అందుకని ఆయన జుట్టు పెంచి, దానిమీద తలపాగా చుట్టి, వేసవైనా వానైనా విప్పేవాడు కాదు.

తొంభైల మొదట్లో భీమిలి వైపు ఓ సంబంధం చూడడానికి వెళ్ళాం. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, పలహారాల కోసం వెంటపడి వెళ్ళాను. పిల్ల నాయనమ్మ మహా గట్టిది. "ఉక్కగుంది బాబూ, తువ్వాలు తియ్యి" అంది. మావయ్య అలవాటన్నాడు, జలుబన్నాడు. ఆవిడ వినలేదు. లేచొచ్చి, ఆశీర్వదిస్తున్నట్టు తలపాగా కిందికి చెయ్యి పోనిచ్చి వేళ్ళతో తడిమింది. రెండు సుడులూ వేళ్ళకి తగిలాయి. మా అమ్మ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. నా చేతిలో లడ్డూ సగమే అయింది.

అప్పుడు గుమ్మంలోంచి పిల్లే అంది. "రెండు పెల్లిల్లు రాసుంటే రెండూ నాతోనే సేసుకోమనండి. ఒకటి ఇక్కడ, ఇంకోటి అప్పన్న కొండమీద."

ముందు మావయ్య నవ్వాడు, ఆ వెనక అందరూ నవ్వారు. నాయనమ్మ మాత్రం నవ్వకుండా, రెండో పెళ్ళి కూడా ఈ పిల్లతోనే అని సింహాచలం అప్పన్న మీద ఒట్టు వేయించుకుంది. ఆ వేసవిలోనే వాళ్ళింట్లో మొదటి పెళ్ళి అయింది, నాకు అత్త వచ్చింది.

రెండోది మాత్రం కాలేదు. ఒక ఏడు పడవ ఇంజను పాడైందన్నాడు. ఒక ఏడు అత్త కడుపుతో ఉంది. మరో ఏడు వేట బాగుంది, పడవ ఆపితే ఎలాగన్నాడు. ప్రతి ఏడూ చందనోత్సవం దగ్గర పడగానే అత్త కదిపేది, మావయ్య దాటేసేవాడు. నా పెళ్ళయి మేం స్టీల్‌ప్లాంటు క్వార్టర్సుకి వచ్చాక, అత్త చేపల గంప పట్టుకుని మా వీధికే అమ్మకానికి వచ్చేది. మా గుమ్మం ముందు కూర్చుని పొలుసు తీస్తూ, "మీ మావయ్య ఆ రెండో ముడి ఎవర్తికోసమో దాసుకుంతన్నాడే" అనేది. మొదట్లో ఇద్దరం నవ్వేవాళ్ళం. రానురాను ఆవిడ ఆ మాట అనేసి గబగబా గంప ఎత్తుకునేది. నాకు మావయ్య మీద కోపం వచ్చేది. ఒట్టు వేసిన మనిషికి ఒక పూట కొండెక్కడానికి ఏం అడ్డం?

ఆ తర్వాత కొన్నేళ్ళకి అత్త కడుపులో గడ్డ అన్నారు. పెద్దాసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ చేస్తామనీ, లోపల ఎలా ఉందో చూస్తేగానీ చెప్పలేమనీ డాక్టరమ్మ చెప్పింది. మర్నాడు పొద్దున్న నేను ఇడ్లీల కారియర్‌తో వెళ్ళేసరికి, మావయ్య మంచం పక్కన బల్లమీద కూర్చుని ఉన్నాడు. అత్త గోడవైపు తిరిగి పడుకుని మాట్లాడుతోంది. "నీ సుడి అబద్దమవదులే. ఇంకో పిల్లని సూసుకో, పిల్లల్ని సూసుకునేదాన్ని సూసుకో."

మావయ్య నెత్తిమీది తువ్వాలు తీసేశాడు. వార్డునిండా జనం, ఆయన ఎవరినీ చూడలేదు. వంగి, అత్త చెయ్యి తీసుకుని నడినెత్తిన పెట్టుకున్నాడు.

"కొండమీద పెల్లి నాను మర్సిపోనాననుకున్నావేటి? రెండో ముడీ ఏసీసేననుకో, రెండూ అయిపోతాయి. ఇంక ఆ దేవుడు నిన్ను నాకాడ ఎందుకుంచుతాడు? అదొకటి మిగిలుంటే తీసుకెల్లడు కదా అనీసి, అందుకే ఆపుకుంతా వచ్చేను."

అత్త ఇటు తిరిగింది. చెయ్యి తీయలేదు. నెరిసిన జుట్టులో వేళ్ళు రెండు సుడుల మధ్యా తిరుగుతూనే ఉన్నాయి. "ఈ ముక్క ముందే సెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయేటి?" అంది. నేను కారియర్ అక్కడ పెట్టేసి వరండాలోకి వచ్చి ఏడ్చాను. ఇన్నేళ్ళూ మాట తప్పడం అనుకున్నది ఇంత ప్రేమ అని తెలిసి ఏడ్చాను.

ఆపరేషన్ అయింది. అత్త బతికింది. తేరుకోవడానికి నెలలు పట్టినా, మళ్ళీ గంప ఎత్తింది. కాస్త ఓపిక వచ్చాక, ఇప్పుడైనా కొండమీద ఆ ముడి వేయించేద్దామని ముహూర్తాల మాట ఎత్తాను. అత్త కసిరింది. "నీకేటి తొందర? ఉండనీ."

అప్పటినుంచి పాత్రలు మారిపోయాయి. ఇప్పుడు ఏటా మావయ్యే అడుగుతాడు, "ఏటి, ఈ యేడు కానిచ్చేద్దామా?" అని. "వచ్చే యేడు సూద్దాం" అంటుంది అత్త. ఇద్దరూ కొండెక్కి దర్శనం చేసుకుంటారు, మెట్లమీద కూర్చుని పులిహోర తింటారు, ముడి వేసుకోకుండా దిగొస్తారు. మా అందరికీ ఏళ్ళు గడిచిపోయాయి. వాళ్ళిద్దరిని మాత్రం కాలం ఏడాదికో చుట్టు తిప్పి, పెళ్ళికి ముందురోజు దగ్గరికే తెచ్చి దింపుతోంది, ప్రతి చుట్టులోనూ ఇంకాస్త దగ్గరగా.