తీర్పును మింగిన పద్దెనిమిది వయొలిన్లు

మొన్న కడపలో నా పరువు ఎట్ల పోయిందో వినండప్పా! పోగొట్టింది ఎవరో కాదు, నేనే. మీసాలు మెలేసుకుంటా, టికెట్లు కొని మరీ పోగొట్టుకుంటి.

మా మామ కడపలో ప్లీడరు. పెండ్లయి ఏడాదైనా తన బిడ్డను నాతో మద్రాసుకు పంపలే. "సినిమాకు వాయించేది ఒక పనేనా? నీ పని ఏందో నా కండ్లకు చూపించు, అప్పుడు పంపిస్తా" అంటాడు. ఏడేండ్లు వేరేవాళ్ల కింద హార్మోనియం వాయించినాక, సంగీత దర్శకుడని నా పేరు మొదటిసారి తెర మీద పడింది ఒక కోర్టు సినిమాకు. అది టూరింగ్ టాకీసుకు వచ్చిందని తెలిసి మామను, నా భార్య సుభద్రను వెంటబెట్టుకొని పోతి.

మామ మొదట మొగం ముడుచుకొని కూచున్నాడు. కోర్టు సీను రాంగానే మనిషే మారిపోయినాడు! తెర మీద వకీలు తడబడితే చాలు, "అది కాదప్పా, సాక్షిని అడుగు సాక్షిని!" అని ఈడనుంచే కేకలు. నా గుండె పొంగింది. ఇంగ సుభద్ర పెట్టె సర్దుకోవచ్చు అనుకుంటి.

జడ్జి కండ్లద్దాలు పెట్టుకొని నోరు తెరిచినాడు. అంతే! నా పద్దెనిమిది వయొలిన్లు, నాలుగు ట్రంపెట్లు, డ్రమ్ములు ఒక్కసారిగా లేచినాయి. జడ్జి పెదాలు ఆడ్తాండాయి, మాట ఒక్కటి వినబడితే ఒట్టు! రికార్డింగప్పుడే ఇంజనీరు మొత్తుకున్నాడు, "సార్, డైలాగు మునిగిపోతోంది" అని. నేను వింటేగా! "తీర్పు ఎవరైనా చెప్తారు, ఈ మ్యూజిక్ ఎవరిస్తారు? పెంచు!" అంటి.

తెర మీద తల్లి బోరుమనింది, శుభం పడింది. కొడుకు విడుదలైనందుకు ఏడ్చిందా, ఉరి పడినందుకా? ఎవరికీ తెలీదు.

"మళ్లీ వెయ్ రీలు!" అని డేరా అంతా ఒకటే అరుపులు.

"చూసినారా మామా, నా మ్యూజిక్కుకు వన్స్ మోర్!"

"నీ మ్యూజిక్కు తగలబడ! జడ్జి ఏమన్నాడప్పా? ఉరా, విడుదలా?" అని మామ నా చొక్కా పట్టుకున్నాడు.

రీలు మళ్లీ వేసినారు. మళ్లీ వయొలిన్లే! ఇంగ కుర్చీలు లేస్తాండాయి. దిక్కు తోచక బెంచీ ఎక్కి, "విడుదలప్పా, విడుదల! కేసు కొట్టేసినారు!" అని గొంతు చించుకుంటి. చప్పట్లంటే చప్పట్లా అవి! నా జన్మలో నాకు పడిన మొదటి చప్పట్లు, అవి కూడా మ్యూజిక్కుకు కాదు.

ఇంటికొచ్చినాక మామ నేరుగా పోయి పండుకున్నాడు. నా పని అయిపోయిందనుకుంటి. పొద్దున చూస్తే సుభద్ర ట్రంకు పెట్టె ఆయనే మోసుకొచ్చి వాకిట్లో పెడతాండాడు!

"మామా, అయితే నా పని నచ్చినట్టేనా?"

"నచ్చేదేందప్పా! నీ పక్కన 'తగ్గించు' అనే మనిషి ఒకరు లేకపోతే దేశంలో తీర్పులన్నీ మింగేస్తావు. అందుకే పంపిస్తాండా."

ఏమన్నా అననీ, పంపించినాడు గదా! సంతోషం పట్టలేక, రైలు ఒంటిమిట్ట దాటకముందే కొత్త ట్యూన్ ఒకటి ఎత్తుకుంటి. సుభద్ర కిటికీ దిక్కునుంచి తల కూడా తిప్పలే.

"కొంచెం తగ్గించండి!" అనింది.